దగ్గు పడిన క్యాసెట్టు

మా బందరు గాలికి రెండు పనులు బాగా తెలుసు. ఇనప వస్తువుకి తుప్పు పట్టించడం, క్యాసెట్టుకి బూజు పట్టించడం. సముద్రం మా వీధిలోంచి కనపడదు, దాని తేమ మాత్రం పిలవకుండానే ఇంట్లోకొచ్చి కూర్చుంటుంది. అందుకని నా క్యాసెట్ల బీరువాలో రాత్రింబవళ్ళు ఒక జీరో బల్బు వెలుగుతూ ఉంటుంది. అరల మూలల్లో బియ్యం మూటలు పెడతాను, నెలకోసారి మారుస్తాను. "దేవుడి దగ్గర దీపం కొండెక్కినా పట్టదు గానీ, ఆ బీరువాలో బల్బు మాడితే మాత్రం ఇల్లు పీకి పందిరేస్తారు," అంటుంది మా ఆవిడ. ఆవిడ అన్నదాంట్లో అబద్ధమేమీ లేదు.

నాకు ముక్కు మీద కోపం. సంగీతం దగ్గర మరీను. పాట నడుస్తుండగా ఎవరైనా మాట్లాడినా, గిన్నె కింద పడేసినా, ఆఖరికి కుక్కరు కూత వేసినా ఒళ్ళు మండిపోతుంది. నేను ఏదైనా రికార్డు చేశానంటే అందులో తుమ్ములూ దగ్గులూ చప్పట్లూ ఉండటానికి వీల్లేదు. ఎవరైనా మాట్లాడబోతున్నారని తెలిస్తే చాలు, నా వేలు వెళ్ళి మీట మీద వాలేది.

నా ఉద్యోగం చూస్తే దీనికి పూర్తిగా విరుద్ధం. రిటైరయ్యేదాకా జిల్లా కోర్టులో నకళ్ళు రాసే గుమస్తాని. అక్కడ నకలంటే అసలులో ఉన్నదంతా ఉండాలి. కొట్టేసిన మాట ఉంటే కొట్టేశారని రాయాలి. సిరా మరక పడి అక్షరం కనపడకపోతే కనపడలేదని రాయాలి. మన సొంత తెలివి అక్కర్లేదు. ముప్పై ఏళ్ళు ఆ పని ఒక్క మాట పడకుండా చేశాను. ఇంటికొచ్చి టేప్‌రికార్డరు ముందు కూర్చుంటే మాత్రం పాట ఒక్కటే ఉంచి మిగతాదంతా కోసేసేవాణ్ణి. ఈ రెండు పనులకీ పొంతన లేదని నాకెప్పుడూ తట్టలేదు, తట్టించినవాళ్ళూ లేరు. ఒక్కరు తప్ప.

ఆ ఒక్కరు గుడివాడలో ఉండేవారు. రైసు మిల్లులో గుమస్తా. నాలాగే పాటల పిచ్చి. ఏదో పద్యనాటకానికి వెళ్ళి, ఇద్దరం ఒకే స్పీకరు కింద టేప్‌రికార్డర్లు పెట్టబోయి, జాగా కోసం వాదించుకుని స్నేహితులమయ్యాం. చుట్టరికం ఏమీ లేదు. అయినా ఆ రోజు నుంచీ ఒకరినొకరం బావగారూ అనే పిలుచుకున్నాం. ఆ లెక్కన ఆయన భార్య నాకు చెల్లెలు. ఆవిడ నన్ను అన్నయ్యగారూ అంటుంది.

బావగారు నాకు పూర్తిగా ఎదురు స్వభావం. పాట మధ్యలో ఆహా అంటారు, ఓహో అంటారు, తొడ మీద దెబ్బ వేస్తారు. నటుడు రాగం తీసి పద్యం ఆపీ ఆపకముందే జనంలోంచి వినపడే మొదటి 'వన్స్‌మోర్' ఆయనదే. మా వైపు నాటకాల్లో వన్స్‌మోర్ పడిందంటే చచ్చిపోయిన పాత్రయినా సరే లేచి నిలబడి, పద్యం మళ్ళీ పాడి, మళ్ళీ పడి చావాల్సిందే. నేను ఆ రెండోసారి పాడింది రికార్డు చేసేవాణ్ణి కాను. ఒకసారి పాడింది ఉంది కదా, టేపు దండగ. "మొదటిసారి నాటకం కోసం పాడతాడు బావగారూ, రెండోసారి మన కోసం పాడతాడు. మీరు మనది వదిలేసి నాటకానిది దాచుకుంటున్నారు," అనేవారాయన. నేను వినిపించుకునేవాణ్ణి కాదు.

మా ఇద్దరి మధ్య ఒక సంచి తిరిగేది. పెడన కలంకారీ గుడ్డతో మా ఆవిడ కుట్టిన చేతిసంచి. అందులో రెండంటే రెండు క్యాసెట్లు. పొద్దున గుడివాడ బస్సు డ్రైవరు చేతికి ఇస్తే, అక్కడ బస్టాండుకి బావగారు మిల్లు నుంచి సైకిలు మీద వచ్చి అందుకునేవారు. తన దగ్గరున్న పాటలు ఆ రెండు క్యాసెట్లలోకి ఎక్కించి పంపేవారు. నేను వాటిని నా సొంత క్యాసెట్లలోకి దింపుకుని, అవే క్యాసెట్ల మీద నా పాటలు ఎక్కించి తిరుగు బస్సులో పంపేవాణ్ణి. ఆయన ఎక్కించినవి చెరిగి నావి, నావి చెరిగి ఆయనవి. ఇరవై అయిదేళ్ళు అలా నడిచింది. డ్రైవర్లు మారారు, సంచి రంగు వెలిసింది, లోకం క్యాసెట్లను మరిచిపోయింది. మా సంచి మాత్రం పెడన, గూడ్లవల్లేరు మీదుగా తిరుగుతూనే ఉంది.

అయితే ఆయన పంపే క్యాసెట్టులో పాట వెంటనే మొదలయ్యేది కాదు. ముందు ఆయన మాట్లాడేవారు. "బావగారికి నమస్కారం. ఇక్కడ పొద్దున్నించీ ముసురు. మీ చెల్లెలు మినపసున్ని చేసింది, సంచిలో పెడదామంటే డ్రైవరు తినేస్తాడేమోనని భయం. సరే, ఇప్పుడు మీరు వినబోయేది..." ఇలా రెండు మూడు నిమిషాలు. అక్కడ నాకు ఒళ్ళు మండేది. మాటలన్నీ అయ్యాక, సరిగ్గా పాట మొదలయ్యే చోట పట్టుకుని నా క్యాసెట్టులోకి దింపేవాణ్ణి. ఆ మాటల మీద తరవాత నా పాటలు ఎక్కేవి. ఆ సోదంతా ఎందుకండీ అని ఒకసారి ఫోన్లో అడిగేశాను.

"సోది కాదు బావగారూ. విస్తట్లో ముందు కాస్త ఉప్పు వడ్డిస్తారు కదా, అదీ," అన్నారు. "అయినా కోర్టులో కొట్టేసిన మాట కూడా వదలకుండా రాసే మనిషివి, నేను నోరారా అన్న మాటలు కొట్టేస్తావా?" అన్నారు. ఆయనకి చనువొస్తే మీరు కాస్తా నువ్వయ్యేది. నేను నవ్వేసి ఊరుకున్నాను.

లాక్‌డౌన్ వచ్చి బస్సులు ఆగిపోయేసరికి సంచి గుడివాడలో ఉంది, అందులో నేను పంపిన క్యాసెట్లున్నాయి. కొన్నాళ్ళకి బస్సులు తిరిగాయి గానీ డ్రైవర్లు ఎవరి చేతి వస్తువూ ముట్టుకోవడం మానేశారు. సంచి అక్కడే ఉండిపోయింది.

ఆ రోజుల్లో మా ఇంట్లో ఏం జరిగిందంటే, అందరిళ్ళల్లో జరిగిందే. పాలప్యాకెట్టు సబ్బుతో కడగడం, కూరగాయలు ఉప్పూ పసుపూ కలిపిన నీళ్ళలో వేయడం, డాబా మీద ఈ చివర నుంచి ఆ చివరకి నడవడం. నేను మాత్రం పైకి అనకూడదు గానీ కొంచెం సంతోషంగానే ఉన్నాను. వీధిలో ఆటోలు లేవు, హారన్లు లేవు, మైకులు లేవు. టేపు తిరుగుతుంటే దాని బుస కూడా వినపడేంత నిశ్శబ్దం. పొద్దున పద్యాలు, భోజనమయ్యాక సన్నాయి, సాయంత్రం హరికథలు. ఎన్నో ఏళ్ళుగా విన్న క్యాసెట్టులోనే ఒక చోట కాకి అరిచిందని, ఇంకో చోట సన్నాయి ఆయన ఊపిరి పీల్చుకున్న చప్పుడుందని అప్పుడే తెలిసింది. నా కోతకి దొరక్కుండా పోయినవన్నీ ఒక్కొక్కటే బయటపడ్డాయి. మొదట చిరాకేసింది. తరవాత వాటి కోసమే చెవి పెట్టడం అలవాటయింది.

సాయంత్రం నాలుగింటికి బావగారికి ఫోన్ చేసేవాణ్ణి. ఫోను స్టూలు మీద, స్పీకరుకి ఎదురుగా పెట్టి క్యాసెట్టు వేసేవాణ్ణి. అక్కడ ఆయన వినేవారు. వినేవారని ఊరికే అంటున్నాను. ఆహా అంటారు, వన్స్‌మోర్ అంటారు, చెల్లెమ్మ కాఫీలో పంచదార మరిచిపోయిందని చెప్తారు.

"మాట్లాడకుండా వినండి బావగారూ," అనేవాణ్ణి.

"మాట్లాడకపోతే నేను లైన్లో ఉన్నానో లేదో మీకెట్లా తెలుస్తుందండీ?"

మధ్యమధ్యలో దగ్గేవారు. ఆయన చుట్ట కాల్చే మనిషి. ఆ దగ్గుకి ఒక వరస ఉంది. మూడుసార్లు దగ్గి, ఒకసారి గొంతు సవరించుకుని, చివర్న 'ఆఁ' అనేవారు, ఎవరో పిలిస్తే పలికినట్టు. అప్పట్లో వీధిలో ఎవరు దగ్గినా టపటపా కిటికీలు మూసేసేవాళ్ళు. "మీ అన్నయ్యగారు ఫోన్లో దగ్గుతున్నారు, కిటికీ మూయనా?" అని మా ఆవిణ్ణి ఆటపట్టించేవాణ్ణి. ఆవిడకి నవ్వొచ్చేది కాదు.

రెండో ఏడు వేసవిలో ఒక రోజు ఆయన దగ్గులో చివరి 'ఆఁ' వినపడలేదు. దగ్గు ఆగకుండా వచ్చింది. "జలుబేలెండి," అన్నారు. మర్నాడు నాలుగింటికి ఫోను చెల్లెమ్మ తీసింది. ఆయన్ని వెనక గదిలో పెట్టి తలుపేశామని చెప్పింది. పది రోజులు ఆయన తలుపు వెనక, ఆవిడ తలుపు ముందు. పళ్ళెం గడప దగ్గర పెట్టి దూరంగా జరగడం. తరవాత బెజవాడ ఆసుపత్రికి తీసుకెళ్ళారు. ఇంక ఇంటికి రాలేదు. మమ్మల్ని ఎవరినీ వెళ్ళనివ్వలేదు, వెళ్ళే దారీ లేదు. నేను బీరువా ముందు కూర్చుని చిన్నపిల్లాడిలా ఏడ్చాను. ఆ తరవాత కొన్ని నెలలు క్యాసెట్టు ముట్టుకోలేదు. బీరువాలో బల్బు మాడిపోతే నాకు తెలియనే తెలియదు. మా ఆవిడే చూసి మార్చింది, ఒక్క మాట అనకుండా.

వానలు వెనకబట్టాక ఒక సాయంత్రం ఫోన్ మోగింది. గుడివాడ నుంచి చెల్లెమ్మ. కాసేపు ఆరోగ్యాలూ అవీ మాట్లాడింది.

"అన్నయ్యగారూ, ఒకటి అడుగుతాను, ఏమీ అనుకోకండి. మీ క్యాసెట్లలో ఆయన గొంతు ఎక్కడన్నా ఉందా?"

నేను బీరువా వైపు చూశాను.

"ఆయన గొంతు గుర్తు చేసుకుందామని కూర్చుంటే నాకు ఆ తలుపు వెనకాల దగ్గే వినపడుతోందండీ. నలభై ఏళ్ళు కాపురం చేశాను. అంతకుముందు ఎట్లా మాట్లాడేవారో గుర్తు రావట్లేదు. ఆ దగ్గొచ్చి అన్నీ తుడిచేసింది. మీకు ప్రతి క్యాసెట్టులోనూ ఏదో ఒకటి మాట్లాడి పంపేవారు గదా, అందుకని అడుగుతున్నాను."

ఫోన్లో వీడియోలు లేవా అని మీరు అడగొచ్చు. ఆయనది బటన్ల ఫోను. ఎవరైనా కెమెరా ఎత్తితే ఆయన లేచి అవతలికి వెళ్ళిపోయేవారు. బంధువుల పెళ్ళి వీడియో ఒకదాంట్లో ఆయన కనపడతారట, పెదవులు కదులుతాయట, పైన బ్యాండు మేళం తప్ప ఏమీ వినపడదట. గుడివాడలో ఆయన అలమరలో ఉన్నవన్నీ పాటలే. ఆయన మాటలు పడింది మా సంచిలో తిరిగిన రెండు క్యాసెట్ల మీదే. వాటి మీద ఇప్పుడున్నది నేను ఎక్కించిన సన్నాయి.

"చూసి చెప్తానమ్మా," అన్నాను. ఏ మొహం పెట్టుకుని నిజం చెప్పను?

పది రోజులు వెతికాను. ఆయన దగ్గర్నుంచి దింపుకున్న క్యాసెట్లన్నీ బయటికి తీసి, ఒక్కొక్కదాని మొదలూ చెవి ఆనించి విన్నాను. నా కోత ఎంత నున్నగా ఉందంటే, పాట ముందు ఈగ వాలేంత జాగా లేదు. ఒక్కచోట మాత్రం పాటకి ముందు 'ది' అని ఒక్క అక్షరం దొరికింది. 'వినబోయేది'లో చివరిది. దాన్ని నలభైసార్లు విన్నాను. అది మనిషి గొంతో, మీట నొక్కిన చప్పుడో కూడా చెప్పలేం. చేతులు కాలాక ఆకులు పట్టుకోవడమంటే ఏంటో నాకు బాగా తెలిసింది.

అప్పుడు మా ఆవిడ అంది, "దివిసీమ క్యాసెట్టో?"

దాన్ని నేను లెక్కలోకే తీసుకోలేదు, ఎందుకంటే అది నా లెక్కలో చెడిపోయిన క్యాసెట్టు.

మాకు నలభై ఏళ్ళ వయసున్నప్పటి సంగతి. దివిసీమలో నాగాయలంక దాటాక, సముద్రం వైపున్న ఒక చేపల పల్లెలో ఒక ముసలమ్మ పాడుతుందని విని ఇద్దరం వెళ్ళాం. మగవాళ్ళు వేటకి వెళ్ళి ఆలస్యమైతే ఒడ్డున కూర్చుని ఆడవాళ్ళు పాడుకునే పాట అది. ఆవిడ ఇసకలో ఎండుచేపలు తిరగేస్తూ మమ్మల్ని ఎగాదిగా చూసింది. "ఒక్కసారే పాడతానయ్యా. మళ్ళీ పాడమని అడగబాకండి. రెండోసారి పాడితే వచ్చిన పడవ మళ్ళీ లోపలికెల్లినట్టు," అంది. నేను బావగారి వైపు తిరిగి, ఆ మాట విన్నారుగా, ఇక్కడ వన్స్‌మోర్లు లేవని చెప్పాను. ఆయన బుద్ధిమంతుడిలా తలూపి చుట్ట ఆర్పేశారు.

అంత బాగా పాడినవాళ్ళని నేను అంతకుముందూ వినలేదు, ఆ తరవాతా వినలేదు. పాట సగానికి వచ్చింది. పడవ పేరు పెట్టి పిలిచే చరణం ఎత్తుకుంది. అప్పుడు బావగారు దగ్గారు. మూడుసార్లు దగ్గి, గొంతు సవరించుకుని, 'ఆఁ' అన్నారు. ముసలమ్మ పాట ఆపి పకపకా నవ్వింది. నేను బావగారి మీద ఏదో అరిచి టేపు ఆపేశాను. ఆవిణ్ణి మళ్ళీ ఎత్తుకోమంటే తల అడ్డంగా ఊపి లేచిపోయింది.

తిరుగు బస్సులో నేను ఆయనతో మాట్లాడలేదు. అవనిగడ్డ వెళ్ళిపోయింది, పులిగడ్డ వెళ్ళిపోయింది, మోపిదేవి వెళ్ళిపోయింది, నేను మొహం మాడ్చుకుని కూర్చున్నాను. చల్లపల్లిలో బస్సు ఆగితే ఆయన దిగి పునుగులు కట్టించుకొచ్చి పొట్లం నా ఒళ్ళో పెట్టి ఏదో అన్నారు. నేను కిటికీలోంచి బయటికి చూస్తూ కూర్చున్నాను. ఇంటికొచ్చి ఆ క్యాసెట్టు మీద 'చెడింది' అని రాసి పాతవాటితో పాటు ఒక గోనెసంచిలో పడేశాను.

ఆ గోనెసంచి పామిడిముక్కల దగ్గర వ్యవసాయం చేసుకునే మా ఆవిడ తమ్ముడికి వెళ్ళింది. పాత క్యాసెట్ల టేపు మా వైపు రైతులకి బాగా పనికొస్తుంది. నారుమడి చుట్టూ కర్రలు పాతి ఆ టేపు కడితే గాలికి జుయ్యిమని మోగుతుంది, ఎండకి తళతళలాడుతుంది, పిట్టలు వాలవు. చెడిపోయిన క్యాసెట్లన్నీ నేను ఏళ్ళ తరబడి అలాగే వదిలించుకున్నాను. అంటే బావగారి గొంతు ఏదో నారుమడి మీద పిట్టల్ని తోలి, వానకి తడిసి, మట్టిలో కలిసిపోయి ఉండాలి.

ఫోన్ చేశాను. "ఆ క్యాసెట్లా? చాలా మటుకు కట్టేశాం బావా," అన్నాడు మా ఆవిడ తమ్ముడు. "ఇప్పుడు వలలొచ్చినయ్యిగా, టేపులెవరు కడతన్నారు. పాకలో అటక మీద నాలుగైదు మిగిలినయ్యేమో. ఎలకలు కొట్టకపోతే ఉంటయ్."

మర్నాడే మాస్కు కట్టుకుని బస్సెక్కాను. పశువుల పాకలో నిచ్చెన వేసుకుని అటకెక్కాను. అరవై దాటిన మనిషిని, కింద నుంచి మా బావమరిది భార్య "పడతారండీ, దిగండి" అంటూనే ఉంది. ఎరువుల సంచి అడుగున ఏడు క్యాసెట్లున్నాయి. ఆరింటి కడుపులు ఖాళీ. ఏడోదాని మీద నా చేతిరాత, 'చెడింది'. దాని టేపు కూడా మధ్యలో తెగి ఉంది.

నిచ్చెన దిగాను. తరవాత దాన్ని వెలుగులో పట్టుకుని చూశాను. క్యాసెట్టులో రెండు చక్రాలుంటాయి. రికార్డు అవుతున్నకొద్దీ టేపు ఎడమ చక్రం మీంచి కుడి చక్రం మీదికి చుట్టుకుంటుంది. పని అయ్యాక మళ్ళీ మొదటికి తిప్పి పెట్టడం నా నియమం, ఏ రోజూ తప్పలేదు. ఆ ఒక్కరోజు కోపం కొద్దీ తిప్పకుండా విసిరేశాను. అందువల్ల పాట పడిన టేపంతా కుడి చక్రం మీద, ఖాళీ టేపు ఎడమ చక్రం మీద ఉండిపోయాయి. నారుమడికి కావలసొచ్చినవాడు మధ్యలో తెంపి ఎడమ చక్రం మీద ఉన్న ఖాళీ టేపు లాక్కుపోయాడు. కుడి చక్రం నిండుగా అలాగే ఉంది. తెగిన చోటికి కాస్త ఇవతల బావగారి దగ్గు ఉండి తీరాలి. క్రమశిక్షణగా తిప్పి పెట్టి ఉంటే పాటా దగ్గూ రెండూ పిట్టల పాలయ్యేవి. నా కోపం నాకు జీవితంలో చేసిన మేలు అదొక్కటే.

దాన్ని బాగుచేయడానికి వారం పట్టింది. టేపు నిండా తెల్లటి బూజు. మా ఆవిడ పాత నూలుచీర చింపి ఇచ్చింది. డాబా మీద నీడలో కూర్చుని టేపు మీటరు మీటరు చొప్పున మెత్తగా తుడిచాను. ఇంటి నిండా శానిటైజరు ఉంది కదా, దాంతో తుడవకూడదా అంది ఆవిడ. పిచ్చి కుదిరింది రోకలి తలకు చుట్టమన్నాడట అన్నాను. తుడిచిన టేపుని మంచి క్యాసెట్టు పెంకులోకి మార్చి, తెగిన చోట కొత్త టేపు ముక్క అతికించాను. తరవాత మీట నొక్కాను.

పాట వచ్చింది. కొంచెం వణుకుతూ, నీళ్ళ అడుగు నుంచి వచ్చినట్టు వచ్చింది. చరణం వచ్చింది. దగ్గు వచ్చింది. మూడుసార్లు, గొంతు సవరింపు, 'ఆఁ'. ముసలమ్మ నవ్వు. ఆ వెంటనే బావగారి గొంతు, "క్షమించు తల్లీ. ఈ చుట్ట నన్ను నలుగుర్లో బతకనివ్వదు." ఆ వెంటనే ఇంకో గొంతు, కర్కశంగా, "కాసేపు నోరు మూసుకుని కూర్చోలేరా మీరు?" అని. టక్ మని చప్పుడు. అంతే.

ఆ రెండో గొంతు నాదే. అంత మొరటుగా ఉంటుందని నాకు తెలియదు.

మా ఆవిడ తుడిచిన గుడ్డముక్కలు ఏరుతోంది. నేను అప్పటికే ఆలోచిస్తున్నాను. ఆ చివరి ముక్క కోసేసి, ఆయన మాట వరకు వేరే క్యాసెట్టులోకి దింపి ఇస్తే సరిపోతుంది కదా, భర్తని పోగొట్టుకున్న మనిషికి ఆ తిట్టెందుకు వినిపించడం? నిజం చెప్పాలంటే ఆవిడ కోసం కాదు, నా పరువు కోసం. నా చెయ్యి రెండో క్యాసెట్టు వైపు వెళ్ళింది కూడా.

"నకళ్ళ గుమస్తాగారు ఏం చేస్తారో చూద్దాం," అంది మా ఆవిడ, మెల్లిగా.

చెయ్యి వెనక్కి తీసుకున్నాను. అసలునే పట్టుకుని గుడివాడ వెళ్ళాను.

చెల్లెమ్మ వసారాలో కుర్చీ వేసింది, స్టూలు తెచ్చి టేప్‌రికార్డరు పెట్టడానికి జాగా చేసింది. గోడ మేకుకి మా కలంకారీ సంచి వేలాడుతోంది. వెనక గది తలుపు తీసే ఉంది. కాఫీ ఇచ్చి, ఎదురుగా పీట మీద కూర్చుంది.

"ఎక్కువ లేదమ్మా. ఒక దగ్గూ, ఒక మాటా. అంతే," అన్నాను. "ఆఖర్న నేను తిట్టిన తిట్టు కూడా ఉంది."

"వేయండి."

ముందు పాట మొత్తం వినిపించాను, ముసలమ్మ పెట్టిన షరతు ప్రకారం ఒక్కసారే. దగ్గు అనగానే భయపడుతుందేమోనని ఆవిడ మొహం చూస్తూ కూర్చున్నాను. దగ్గు వచ్చింది. ఆవిడ ఉలిక్కిపడలేదు. కాస్త ముందుకి వంగింది. 'ఆఁ' అన్నచోట కళ్ళు మూసుకుంది. ఆయన మాట అయిపోయింది, నా తిట్టు అయిపోయింది, టక్ మంది.

"ఇది ఆ దగ్గు కాదండీ," అంది. "ఇది పొద్దున్నే నూతి దగ్గర మొహం కడుక్కుంటా దగ్గే దగ్గు. ఇది బాగున్నప్పటి దగ్గు." ఆవిడ కళ్ళల్లోంచి నీళ్ళు కారుతున్నాయి, తుడుచుకోవడం లేదు. కాసేపటికి అడిగింది, "మీరట్లా అన్నారు గదా. దానికి ఆయనేమన్నారు?"

"నేను ఆపేశానమ్మా," అన్నాను.

ఇరవై అయిదేళ్ళు ఆయన మాట్లాడబోయినప్పుడల్లా ఆపేసిన మనిషిని, ఆ ముక్క ఆవిడ ముందు ఒప్పుకోవాల్సి వచ్చింది. ఆవిడ ఇంకా నా వైపే చూస్తోంది. అప్పుడు చల్లపల్లి గుర్తొచ్చింది.

"అప్పుడు ఏమీ అనలేదు. బస్సులో అన్నారు. నేను అలిగి కూర్చుంటే పునుగులు తెచ్చి నా ఒళ్ళో పెట్టి, 'బావగారూ, పాట ఎట్లాగూ పోయింది. పునుగులు కూడా చల్లారబెట్టుకుంటామా?' అన్నారు."

ఆవిడ నవ్వింది. కొంగు నోటికి అడ్డం పెట్టుకుని, భుజాలు కదిలేలా నవ్వింది. "అచ్చం ఆయనే," అంది. నవ్వి నవ్వి కళ్ళు తుడుచుకుని పీట ఇంకాస్త దగ్గరికి జరుపుకుంది. టేప్‌రికార్డరు వైపు వేలు చూపించింది.

"వన్స్‌మోర్ అన్నయ్యగారూ."

పాట జోలికి పోకుండా, దగ్గు దాకా మాత్రమే వెనక్కి తిప్పి, మీట నొక్కాను.